మా ఊరు తప్పు కాదండీ!

మన సంఘంలో కంప్యూటరు పని చేసేవాళ్ళు ఇంటికి ఇద్దరు చొప్పున ఉన్నారు. అలాంటి చోట ఆ పని గురించి వ్యాసం రాయడమంటే గోదావరి గట్టున నిలబడి నీళ్ళమ్మడమే. అయినా ధైర్యం చేస్తున్నాను. ఎందుకంటే, నేను రాయబోయేది జీతానికి చేసే పని గురించి కాదు. జీతం లేకుండా, రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో అందరూ పడుకున్నాక చేసే పని గురించి. అందులోనూ ముఖ్యంగా, ఆ పనికి వచ్చే ఫిర్యాదుల గురించి.

కొన్నేళ్ళ కిందట నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. మన దేశపు చిరునామాలు తెలుగులో గాని ఇంగ్లీషులో గాని ఇస్తే, వాటిని సరిచూసి, కవర్ల మీద అతికించే చీటీలుగా అచ్చువేసి పెడుతుంది. అంతే దాని ప్రయోజకత్వం. శుభలేఖలు పంపుకునేవాళ్ళు, గుళ్ళవాళ్ళు, మనలాంటి సంఘాలవాళ్ళు వాడుకుంటారు. దాన్ని "ఓపెన్ సోర్స్" పద్ధతిలో వదిలిపెట్టాను. ఇదేమిటో తెలియని పెద్దలకోసం ఒక్క మాట. బజారులో ఆవకాయ సీసా కొంటే ఆవకాయ మాత్రమే వస్తుంది. మా అత్తగారు ఆవకాయ ఇస్తే, దానితోపాటు పాళ్ళు రాసిన కాగితం కూడా ఇస్తారు. కారం ఎక్కువనుకుంటే తగ్గించుకోవచ్చు, వెల్లుల్లి వేసుకోవచ్చు, మరొకరికి నేర్పవచ్చు. ఈ ప్రోగ్రాములూ అంతే. వాటి లోపలి రాతంతా అందరికీ కనబడుతుంది. డబ్బక్కర్లేదు. అయితే కాగితం అడుగున "ఎలా ఉన్నదో అలాగే ఇస్తున్నాం, హామీ ఏమీ లేదు" అని కూడా రాసి ఉంటుంది. ఆ చివరి వాక్యం ఎవ్వరూ చదవరు.

చదవరు కనుకనే ఫిర్యాదులొస్తాయి. ప్రోగ్రాములోని లోపాన్ని ఇంగ్లీషువాళ్ళు పురుగు అంటారు. 1947 సెప్టెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ టూ యంత్రంలో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అతికించిన సంగతి చాలామంది వినే ఉంటారు. కానీ ఆ మాట అంతకంటే పాతది. 1878లోనే ఎడిసన్ తన ఉత్తరాల్లో యంత్రాల చిక్కులను పురుగులనే అన్నాడు.

నాకొచ్చే ఉత్తరాలు స్థూలంగా నాలుగు రకాలు. మొదటిది ఏకవాక్య కావ్యం: "మీ ప్రోగ్రాము పనిచెయ్యడం లేదు." ఏ ఊళ్ళో, ఏ కంప్యూటరు మీద, ఏం చేస్తే పనిచెయ్యలేదో దేవుడికెరుక. డాక్టరు దగ్గరకు వెళ్ళి "బాగోలేదండీ" అని ఊరుకున్నట్టు. రెండోది ఆజ్ఞాపత్రం: "సోమవారంలోగా గుజరాతీ లిపి కూడా చేర్చవలెను." మూడోది తిట్లు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లేవన్నట్టు, ఉచితంగా ఇచ్చిన దానికి వడ్డీతో సహా ఎదురు వసూలు చేస్తారు. నాలుగోది బంగారం.

ఆ బంగారానికి ఒక ఉదాహరణ చెబుతాను. రాజమండ్రినుంచి ఒక రిటైరైన మాస్టారు మూడు లైన్లు రాశారు. "ఫలానా తేదీన యాభై కవర్లు అచ్చువేశాను. లక్ష్మి అనే పేరున్న ప్రతిచోటా మకారం విడిపోయి, పక్కన పొల్లుతో నిలబడింది. ఫొటో జతచేశాను." అంతే. ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అనే మూడూ అందులో ఉన్నాయి. క, ష, మ మూడు హల్లులు కలిసిన చోట మూడో దానికి ఒత్తు గీయడం ఆ కంప్యూటరులో ఉన్న పాత ఫాంటుకు చేతకాలేదు. "స్త్రీ" అని అచ్చువేసి చూడమంటే, అదీ విడిపోయిందని మర్నాడే జవాబిచ్చారు. అలాంటి ఫాంటు కనబడితే దాన్ని పక్కనపెట్టి, మంచిదాన్ని వాడుకునేటట్టు ప్రోగ్రాముకి నేర్పాను. రెండు సాయంత్రాల పని. ఆ మాస్టారు రాయకపోతే ఎన్ని ఊళ్ళలో ఎందరు లక్ష్ములు పొల్లులతో పోస్టయిపోయేవారో!

ఉత్తరం ఏ రకమైనదైనా నేను పాటించే పద్ధతి ఒకటే. మొదట, రెండు రోజుల్లో ఒక జవాబు రాస్తాను. పరిష్కారం కాదు, "మీ ఉత్తరం అందింది, చదివాను" అని. తరువాత మాస్టారు చెప్పిన ఆ మూడు సంగతులూ అడుగుతాను. 1999లో సైమన్ టాథమ్ అనే ఇంగ్లండు ప్రోగ్రామరు, లోపాలను ఎలా తెలియజెయ్యాలో వివరంగా ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పిన సారమూ దాదాపు ఇదే: మీరు చూసింది నాకూ కనబడేటట్టు చెప్పండి. ఆపైన ఆ లోపాన్ని నా కంప్యూటరు మీద మళ్ళీ పుట్టించడానికి ప్రయత్నిస్తాను. కళ్ళెదుట పుట్టని పురుగును చంపానని చెప్పడం గాలిలో కత్తి తిప్పడమే. పుట్టిన తరువాత, దిద్దడానికి ముందే, ఒక చిన్న పరీక్ష రాసి పెడతాను. అప్పటికి ప్రోగ్రాము ఆ పరీక్ష తప్పాలి. దిద్దాక నెగ్గాలి. అక్కడినుంచి నేను ఎప్పుడు ఏ మార్పు చేసినా ఆ పరీక్షలన్నీ మొదటినుంచీ నడుస్తాయి. కాబట్టి ఒకసారి వెళ్ళిన పురుగు మళ్ళీ వస్తే వెంటనే పట్టుబడుతుంది. చివరగా, చెప్పినవారి పేరు కృతజ్ఞతల పట్టికలో చేరుస్తాను. డొనాల్డ్ నూత్ అనే మహానుభావుడు తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి రెండు డాలర్ల యాభైఆరు సెంట్ల చెక్కు పంపేవాడు. చాలామంది దాన్ని మార్చుకోకుండా పటం కట్టించుకున్నారు. నా దగ్గర చెక్కులు లేవు, పట్టిక ఉంది.

చెయ్యలేనివి చెయ్యలేనని కూడా చెబుతాను. గుజరాతీ లిపి అడిగినాయనకి "నాకా భాష రాదు, వచ్చినవారెవరైనా రాసిస్తే సంతోషంగా చేర్చుకుంటాను" అని రాశాను. నెలల తరబడి ఆశపెట్టడం కంటే మర్యాదగా కాదనడం మేలు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అని మా ఆవిడ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల జాగా. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. కాకినాడ కూతవేటు దూరం, నది దాటితే కోనసీమ. వంతెన రాకముందు పంటు మీద ఎదుర్లంక దాటేవాళ్ళం. మాట తెలుగు, కూర పులస, యాస గోదావరి జిల్లాది. కానీ ఏలుబడి మాత్రం ఎనిమిదివందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండడం వల్ల వచ్చిన చుట్టరికం అది. చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962 ఆగస్టులో. ఈనాటికీ మా ఎమ్మెల్యే కూర్చునేది పుదుచ్చేరి శాసనసభలో, మా హైకోర్టు మద్రాసులో.

గీతకి అటూ ఇటూ రెండు లోకాలుండడం వల్ల మా ఊరు ఎప్పుడూ లెక్కలకు లొంగేది కాదు. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను అరికట్టడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. ఫ్రెంచివారి యానాంలో అది చెల్లదు కనుక చుట్టుపక్కలవాళ్ళు మేళతాళాలతో గీత దాటి వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయారు. చట్టం రాసినవాళ్ళు ఊహించని చోట మా ఊరుంది! ప్రోగ్రాము రాసేవాళ్ళకి ఇలాంటి చోట్లంటే భయం. నాకు మాత్రం అది పుట్టిల్లు.

ఇప్పుడు పిన్ కోడు సంగతి. 1972 ఆగస్టు 15న తపాలా శాఖవారు దేశానికంతటికీ ఆరంకెల పిన్ కోడు పెట్టారు. వారికి కావలసింది ఉత్తరం ఏ దారిన వెళుతుందనే గాని, ఏ ప్రభుత్వం ఏలుతుందని కాదు. మా ఊరికి టపా కాకినాడ వైపునుంచే రావాలి కదా. అందుకని యానాం పిన్ కోడు 533464. మొదటి రెండంకెలు అచ్చమైన ఆంధ్రావి. అదే పద్ధతిలో, కేరళ మధ్యనున్న మాహేకి 673310. పుదుచ్చేరి పట్టణానికి మాత్రం తమిళనాడు వరసలో 605001. ఒకే ప్రభుత్వం, మూడు రాష్ట్రాల అంకెలు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది వింతగా తోస్తే, న్యూయార్కు రాష్ట్రంలో ఉన్న ఫిషర్స్ ఐలండు జిప్ కోడు 06390 చూడండి. అది కనెక్టికట్ వరసలోది. కారణం ఒకటే, టపా వెళ్ళే దారి.

చాలా కంప్యూటరు ఫారాలకు ఈ సంగతి తెలియదు. 53 అని కొట్టగానే "ఆంధ్రప్రదేశ్" అని తామే నింపేసుకుంటాయి. మార్చబోతే ఒప్పుకోవు. మా నాన్నగారు పోయాక అమ్మకి ఒక చోటనుంచి రావలసిన సొమ్ముంది. ఆ ఆఫీసు ఫారంలో రాష్ట్రం ఆంధ్ర అని పడింది. అమ్మ దగ్గరున్న రేషను కార్డు, గుర్తింపు కార్డు అన్నీ పుదుచ్చేరివి. "రెండూ కలవడం లేదు, ఈమె ఎవరో తేల్చుకుని రండి" అన్నారు. డెబ్బైరెండేళ్ళ మనిషి, భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, తన ఊరు తన ఊరేనని రుజువు చేసుకోవడానికి ఏడు నెలలు తిరిగింది. కౌంటరు దగ్గరున్న అబ్బాయి మంచివాడే. "కంప్యూటరు తీసుకోవడం లేదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడట. లోపం ఉందని చెబుదామంటే చెప్పుకునే చోటు లేదు. ఉత్తరానికి జవాబు లేదు. ఫోనులో అమ్మ ఒక మాటంది: "ఏరా, మనూరు తప్పట్రా?"

అందుకని, ఏకవాక్య కావ్యం వచ్చినా, తిట్లతో వచ్చినా, నేను మొదట వెతికేది ఆ ఉత్తరం వెనకాల అమ్మలాంటి వాళ్ళెవరైనా ఉన్నారా అని. సగం మంది కోపం నా మీద కాదు. ఎక్కడెక్కడో జవాబు దొరకని కోపం. దొరికిన తలుపు నాది కనుక దాన్ని బాదుతారు. తలుపు తీసి "రండి, ఏమైంది?" అంటే చాలు, రెండో ఉత్తరంలో వాళ్ళే "క్షమించండి" అంటారు.

నా ప్రోగ్రాములో నేను రాసిన మొట్టమొదటి పరీక్ష మా అమ్మ ఊరే. "యానాం, పుదుచ్చేరి, 533464" అని ఇస్తే నోరెత్తకుండా అచ్చువెయ్యాలి. అది ఏళ్ళ తరబడి నెగ్గుతూనే ఉంది.

ఇలా ఉండగా ఒకనాడు నాగపూరులో చదువుకుంటున్న కుర్రాడినుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. చక్కగా, వినయంగా రాశాడు. "అయ్యా, మీ పరీక్షల్లో ఒకటి తప్పు. 53తో మొదలయ్యే పిన్ కోడు ఆంధ్రప్రదేశ్‌ది. మీరు పుదుచ్చేరి అని ఒప్పుకుంటున్నారు. దీన్నిబట్టి మీ సరిచూసే పద్ధతిలోనే లోపం ఉంది. దిద్దిన ప్రతి జతచేస్తున్నాను." ఆ దిద్దుబాటు చూశాను. రాత శుభ్రంగా ఉంది. దాన్ని ఒప్పుకున్నానంటే మాత్రం మా అమ్మ చిరునామా నా ప్రోగ్రాములోనుంచి కూడా వెళ్ళిపోతుంది!

మా ఆవిడకి చూపిస్తే పడీపడీ నవ్వింది. "ఆఖరికి మీ ఇంటికే వచ్చి, మీ ఊరు లేదన్నాడన్నమాట."

ఆ కుర్రాణ్ణి వెటకారం చెయ్యడం చాలా తేలిక. కానీ అతను చేసింది సరిగ్గా చెయ్యవలసిన పనే. చదివాడు, ఆలోచించాడు, శ్రమపడి రాశాడు. అతనికి తెలియనిది ఒక్క ఊరు. భూగోళంలో ఊళ్ళన్నీ ఎవరికి తెలుస్తాయి? అందుకని నేను ఒక పేజీ ఉత్తరం రాశాను. ఫ్రెంచివాళ్ళు, గోదావరి, టపా దారి, 1972, అన్నీ చెప్పాను. చివర "మాది ఆ ఊరే" అన్నాను. మర్నాడు వచ్చిన జవాబులో క్షమాపణతోపాటు ఒక ప్రశ్న ఉంది: "అయితే మాహే సంగతేమిటండీ?" నేను చెప్పకుండానే వెతికి పట్టుకున్నాడు. వారంలో ఇలాంటి సరిహద్దు చిరునామాలకు ఒక పట్టిక తయారుచేశాడు. ప్రతి దానికీ ఎందుకలా ఉందో ఒక వాక్యం రాశాడు. తెలిసినవాడి తలలో ఉన్న సంగతి తెలియనివాడికి కూడా కనబడేటట్టు కాగితం మీదకొచ్చింది. ఒక "తప్పుడు" ఫిర్యాదు వల్ల జరిగిన మేలు అది.

ఇదంతా చెబుతుంటే 2018 ఫిబ్రవరి గుర్తొస్తోంది. మన "జ్ఞా" అక్షరం ఐఫోన్లను కూలదోస్తోందని ప్రపంచమంతా గోలపెట్టిన రోజులవి. జ, పొల్లు, ఞ తరువాత కంటికి కనబడని ఒక విడదీసే సంకేతం, దాని వెనకాల దీర్ఘం, ఈ వరసలో వస్తే, అక్షరాలను పేర్చే ప్రోగ్రాము తికమకపడి ఫోనులోని సందేశాల పెట్టె కుప్పకూలేది. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 అనే సవరణతో సరిదిద్దారు. మధ్యలో ఆ కొద్ది రోజులూ పత్రికలు "ప్రమాదకరమైన తెలుగు అక్షరం" అని రాశాయి. మనం శతాబ్దాలుగా జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞ అని రాసుకుంటున్నాం, ఏ తాటాకూ కూలలేదు. తప్పు అక్షరానిది కాదు, ఊరిదీ కాదు. తమకు తెలిసిందే లోకమనుకుని రాసిన సూత్రానిది.

మనభాష కంప్యూటరెక్కిన కథంతా ఇలాంటి ఉచిత సేవ మీదే నడిచింది. రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఆర్టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేస్తే, ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసుకున్నాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. వీవెన్ గారి లేఖినిలో టైపు చెయ్యనివాళ్ళు అరుదు. వీటిని వాడుకున్న మనలో ఎంతమందిమి ఒక లోపాన్ని వివరంగా చెప్పాం? ఎంతమందిమి "బాగుందండీ" అని ఒక్క ముక్క రాశాం?

అలసట గురించి కూడా నిజం చెప్పాలి. 2024 మార్చిలో ఒక పెద్ద గండం తప్పింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము లోకంలోని ఎన్నో కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఒక్క మనిషి ఏళ్ళ తరబడి ఊరికే చూసుకుంటున్నాడు. అతను అలసిపోయిన సమయంలో కొందరు "ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు" అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి దొంగ తలుపు పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటరు అర సెకను ఎక్కువ తీసుకుంటోందేమిటని ఆరా తీయబట్టి అది బయటపడింది. ఇక ఈమధ్య కృత్రిమ మేధ చేత రాయించిన అబద్ధపు ఫిర్యాదులు మరో తలనొప్పి. కర్ల్ అనే ప్రోగ్రామును చూసుకునే డేనియల్ స్టెన్‌బర్గ్ ఈ బెడద గురించి 2024 జనవరిలోనే రాశాడు. చూడ్డానికి పద్ధతిగా ఉంటాయి, లోపల లేని లోపం కోసం సాయంత్రమంతా పోతుంది.

పోయిన దసరాకి మా అమ్మాయి "నాన్నా, నువ్వు శనివారాలు మాతో ఉండవు" అంది. లెక్క చూస్తే నిజమే. ఆపెయ్యడమా, కొనసాగించడమా అని రెండు వారాలు ఆలోచించాను. చివరికి నాగపూరు కుర్రాడికి రాశాను. ఇద్దరం ఫోనులో మాట్లాడుకున్నాం, మొహాలు చూసుకున్నాం, రెండేళ్ళుగా అతను చేసిన పనంతా నా కళ్ళెదుటే ఉంది. ఇప్పుడు నెలలో మొదటి పక్షం ఉత్తరాలు అతనివి, రెండో పక్షం నావి. ఒకరి దిద్దుబాటు రెండోవాళ్ళు చదవందే లోపలికి వెళ్ళదు. శనివారం ఎవ్వరం జవాబివ్వం. ఆ సంగతి మొదటి పేజీలోనే రాసిపెట్టాం. దానిమీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

పాఠకులకు ఒక్క మనవి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ ఫోనులో తెలుగు అక్షరం విరిగినా, మీ ఇంటిపేరును ఏ ఫారమైనా కాదన్నా, విసుక్కుని ఊరుకోకండి. ఏం చేశారో, ఏం రావాలో, ఏం వచ్చిందో మూడు వాక్యాలు రాయండి, ఒక ఫొటో పెట్టండి. మన పిల్లలకు ఇది మంచి తెలుగు పాఠం కూడా, వాళ్ళ చేత రాయించండి. అవతల కూర్చున్నది జీతం లేని మనిషి కావచ్చు కనుక, మొదట ఒక నమస్కారం పెట్టడం మరిచిపోకండి.

అన్నట్టు, ఈ పత్రిక ఇండియాకి వెళ్ళే ప్రతుల మీద చీటీలు మా ప్రోగ్రాముతోనే అచ్చవుతున్నాయి. మీ బంధువుల పేరు విరిగితే నాకు రాయండి. మొదటి పక్షంలో అయితే నాగపూరు జవాబిస్తుంది.